బెంగళూరులో ఎఫ్‌పీవీ ఎగరేయాలంటే: కాటా నుంచి గాగుల్స్ దాకా, రూల్స్ దారిలో

ఎఫ్‌పీవీ అంటే డ్రోన్ మీది కెమెరాకి కనిపించేదాన్ని గాగుల్స్‌లో చూస్తూ ఎగరేయడం. బెంగళూరులో అలాంటి క్వాడ్, అంటే నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్, కట్టుకోవడం పెద్ద పని కాదు. సోల్డరింగ్ సామాను, ఎక్స్‌టీ60 కనెక్టర్లు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. మోటార్లు, ఫ్రేములు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. ఏ పీజీలో చూసినా ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనవాడు ఒకడుంటాడు. చిక్కంతా దాన్ని బయటికి తీసుకెళ్లే రోజున మొదలవుతుంది. "ఇక్కడ ఎగరేయొచ్చా?" అని అడిగితే తలా ఒక మాట చెప్తారు. 250 గ్రాముల లోపైతే ఏ రూలూ వర్తించదని ఒకరు, లైసెన్స్ లేకుండా ముట్టుకుంటే జైలేనని ఇంకొకరు. రెండూ తప్పే.

మన దేశంలో దీనికి ఆధారం డ్రోన్ రూల్స్, 2021. ఆ ఏడాది ఆగస్టు 25న వచ్చాయి. ఆ తర్వాత 2022, 2023, 2024లో సవరణలు జరిగాయి. వెనకున్న 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం పోయి, 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో డ్రోన్ల కోసం విడిగా ఒక బిల్లు ముసాయిదా కూడా విడుదలైంది. కాబట్టి సీజన్ మొదట్లో ఒకసారి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వెబ్‌సైట్ చూసుకోవడం మంచి అలవాటు.

ఈ రూల్స్‌లో ఎఫ్‌పీవీ అనే మాట ఎక్కడా లేదు. అందుకని మన సెటప్‌ని మనమే తీసుకెళ్లి వాటి పక్కన పెట్టి చూసుకోవాలి. కాగితాల పని ఓపిగ్గా కూర్చుంటే తేలిపోతుంది. అసలు కష్టం చోటు దొరకడం, గాగుల్స్ విషయం తేల్చుకోవడం. అందుకే కింద ఆ రెండింటి దగ్గరే ఎక్కువసేపు ఆగాను.

ముందు కాటా మీద పెట్టండి

డ్రోన్ ఏ తరగతిలోకి వస్తుందో బరువే చెప్తుంది. 250 గ్రాముల దాకా నానో. అది దాటి 2 కిలోల దాకా మైక్రో. 2 నుంచి 25 కిలోల దాకా స్మాల్. ఆపైన మీడియం, లార్జ్ ఉన్నాయి కానీ అవి మన బల్ల మీద కట్టేవి కావు.

లెక్కలోకి వచ్చేది గాల్లోకి లేచే మొత్తం బరువు. బ్యాటరీ, ప్రొపెల్లర్లు, కెమెరా, జీపీఎస్ మాడ్యూల్, చివరికి బ్యాటరీ బిగించే స్ట్రాప్ కూడా అందులోకే వస్తాయి. అమ్మేవాళ్ల పేజీలో కనిపించే బరువు చాలాసార్లు బ్యాటరీ లేకుండా రాసింది. 3 అంగుళాల ప్రొపెల్లర్లున్న క్వాడ్ ఒకటి బ్యాటరీతో కలిపి 230 గ్రాములు తూగిందనుకోండి. అది నానో. దాని మీద 35 గ్రాముల చిన్న యాక్షన్ కెమెరా పెట్టగానే 265. అదే క్వాడ్ ఇప్పుడు మైక్రో అయింది, దానికి ఇన్సూరెన్స్ కావాలి. 6ఎస్ (ఆరు సెల్స్ ఉన్న) బ్యాటరీ వేసిన 5 అంగుళాల ఫ్రీస్టైల్ క్వాడ్ ఎలాగూ అరకిలో దాటుతుంది కాబట్టి అక్కడ అనుమానమే లేదు.

వంటింట్లో వాడే డిజిటల్ కాటా చాలు. మీరు వాడే బ్యాటరీల్లో అన్నిటికన్నా బరువైనది పెట్టి తూచి, ఆ అంకె కనిపించేలా ఫోన్లో ఫోటో తీసి ఉంచుకోండి. మైదానంలో ఎవరైనా అడిగితే నోటిమాట కన్నా ఆ ఫోటో బాగా పనిచేస్తుంది.

కొనేముందు ఒక్క విషయం

"అమెరికా నుంచి బావ వస్తున్నాడు, సూట్‌కేసులో ఒకటి తెప్పించుకుందాం" అనే ఆలోచన మానుకోండి. 2022 ఫిబ్రవరి 9న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం విదేశీ డ్రోన్ల దిగుమతి నిషిద్ధం. పూర్తిగా తయారైనదైనా, విడదీసిన కిట్ రూపంలో ఉన్నదైనా అంతే. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రం మినహాయింపులున్నాయి. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే పోయేది డ్రోన్ ఒక్కటే కాదు, బావతో మాటలు కూడా.

అదే నోటిఫికేషన్ విడిభాగాలకు మాత్రం తలుపు తెరిచే ఉంచింది. ఫ్లైట్ కంట్రోలర్ (డ్రోన్‌ని నడిపే బోర్డు), ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని అదుపు చేసేది), మోటార్, ఫ్రేమ్ లాంటివి తెప్పించుకోవచ్చు. మన దేశంలో ఎఫ్‌పీవీ అంటే సొంతంగా కట్టుకునే హాబీగా నిలబడటానికి ఇదొక ముఖ్య కారణం. మొదటి క్వాడ్‌ని చేతులతో కట్టుకున్నవాడికి పడిపోయిన రోజున రిపేరు కూడా వస్తుంది.

ఏ సర్టిఫికెట్ కావాలి, ఏది అక్కర్లేదు

రూల్స్‌లో మోడల్ రిమోట్‌లీ పైలటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్ సిస్టమ్ అని ఒక నిర్వచనం ఉంది. బరువు 25 కిలోలు దాటకూడదు. చదువు, పరిశోధన, డిజైన్, పరీక్ష, వినోదం, వీటికి తప్ప దేనికీ వాడకూడదు. కంటిచూపు పరిధిలోనే నడపాలి. మన హాబీ క్వాడ్ కూర్చోవాల్సిన కుర్చీ ఇదే. ఇందులో కూర్చుంటే టైప్ సర్టిఫికెట్ బాధ తప్పుతుంది. టైప్ సర్టిఫికెట్ అంటే ఆ మోడల్‌ని పరీక్షించి ప్రభుత్వం తరఫున ఇచ్చే ఆమోదం. ఇంట్లో కట్టిన ప్రతి క్వాడ్‌కీ అది తెమ్మంటే హాబీ అక్కడితో ఆగిపోతుంది.

పైలట్ సర్టిఫికెట్ కూడా మనకు అక్కర్లేదు. నానోకి అసలే వద్దు, మైక్రోకి వ్యాపారం కోసం కానంతవరకు వద్దు. 2 కిలోలు దాటితే మాత్రం సరదాకైనా కావాలి. దానికి 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, పదో తరగతి పాస్, డీజీసీఏ గుర్తించిన సంస్థలో శిక్షణ ఉండాలి.

ఇక డబ్బు సంగతి. స్నేహితుడి పెళ్లిలో 5 అంగుళాల క్వాడ్‌తో షూట్ చేసి పదివేలు తీసుకున్నారంటే అది వినోదం కాదు, మోడల్ అనే కుర్చీలోంచి లేచినట్టే. అప్పుడు పైలట్ సర్టిఫికెట్, టైప్ సర్టిఫికెట్ ఉన్న డ్రోన్ రెండూ కావాలి. అదే షూట్ 250 గ్రాముల లోపు సినీవూప్‌తో (ప్రొపెల్లర్ల చుట్టూ రక్షణ చట్రం ఉన్న చిన్న కెమెరా డ్రోన్‌తో) చేస్తే ఆ రెండింటి అవసరం రాదు. రియల్ ఎస్టేట్ వీడియోలు తీసేవాళ్లు చిన్న వూప్‌ల మీద పడటం ఊరికే కాదు. యూట్యూబ్‌లో పెట్టుకునే సరదా వీడియోల మాటేమిటంటే, స్పాన్సర్ డబ్బిచ్చి తీయించిన దాన్ని వినోదం అనడం కష్టమని నా ఉద్దేశం.

యూఐఎన్ (డ్రోన్ రిజిస్ట్రేషన్ నంబర్) తీసుకోవడం

ఇక్కడే చాలామంది పొరబడతారు. నానోకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. పైలట్ సర్టిఫికెట్, టైప్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ విషయాల్లో నానోకి మినహాయింపు ఉన్న మాట నిజమే. రిజిస్ట్రేషన్‌కి మాత్రం ఆ మినహాయింపు రాయలేదు. గుర్తింపు ఉన్న పరిశోధన సంస్థలు, విద్యాసంస్థలు, స్టార్టప్‌లు, తయారీదారులు పరిశోధన, పరీక్షల కోసం గ్రీన్ జోన్‌లో తమ ఆవరణలోనో, తమ అదుపులో ఉన్న ఖాళీ స్థలంలోనో ఎగరేసుకుంటే వాళ్లకు యూఐఎన్ అక్కర్లేదు. మీరు కాలేజీ ల్యాబ్‌లో ప్రాజెక్టు చేస్తుంటే అది మీకు వర్తించవచ్చు. ఆదివారం సరదాకి వర్తించదు.

దరఖాస్తు ఫారం పేరు డీ-2, ఫీజు 100 రూపాయలు. రూల్స్‌లో డిజిటల్ స్కై అనే ప్రభుత్వ పోర్టల్ పేరు రాసి ఉంటుంది కానీ రిజిస్ట్రేషన్ సేవలు తర్వాత డీజీసీఏ వారి ఈజీసీఏ పోర్టల్‌కి మారాయి. 2024 సవరణ తర్వాత పాస్‌పోర్ట్ లేకపోయినా ఓటర్ కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ లాంటి ప్రభుత్వ గుర్తింపు ఏదైనా సరిపోతుంది.

యూఐఎన్ అంటే డ్రోన్‌కి ఇచ్చే నంబర్ మాత్రమే కాదు. అది డ్రోన్ సీరియల్ నంబర్‌కి, ఫ్లైట్ కంట్రోలర్ సీరియల్‌కి, మీ రేడియో (చేతిలోని రిమోట్) సీరియల్‌కి ముడిపడి ఉంటుంది. ఎఫ్‌పీవీలో ఫ్లైట్ కంట్రోలర్ కాలిపోవడం మామూలే. దాన్ని మారిస్తే కొత్త సీరియల్‌ని 7 రోజుల్లోగా, లేదా మళ్లీ ఎగరేసే ముందు, ఏది ముందైతే అప్పటికి పోర్టల్‌లో మార్చాలి. బోర్డు మీద సీరియల్ అచ్చై లేకపోతే బీటాఫ్లైట్ (ఫ్లైట్ కంట్రోలర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్) కమాండ్ లైన్‌లో ఎంసీయూ ఐడీ అడగండి. ఆ చిప్‌కి మాత్రమే సొంతమైన పొడవాటి సంఖ్య వస్తుంది. దాన్ని క్వాడ్ పేరుతో పాటు ఒక నోట్సులో రాసి పెట్టుకోండి. నాలుగు క్వాడ్‌లు పోగయ్యాక ఏ బోర్డు దేనిదో గుర్తుండదు.

యూఐఎన్ వచ్చాక దాన్నీ మీ ఫోన్ నంబర్‌నీ చిన్న స్టిక్కర్ మీద వేసి ఫ్రేమ్ లోపలి వైపు అంటించండి. మామిడి తోటలో పడిన క్వాడ్ తిరిగి ఇంటికి చేరడానికి అంతకన్నా మంచి ట్రాకర్ లేదు.

ఇన్సూరెన్స్

250 గ్రాములు దాటిన ప్రతి డ్రోన్‌కి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి. బండికి ఉన్నట్టే, మోటారు వాహనాల చట్టంలోని సూత్రాలే దీనికీ వర్తిస్తాయని రూల్స్ చెప్తున్నాయి. నానోకి తప్పనిసరి కాదు. పాలసీ తీసుకునేటప్పుడు అది ఇంట్లో కట్టిన డ్రోన్ అని, గాగుల్స్‌తో నడుపుతారని, హాబీ కోసమేనని దరఖాస్తులో దాచకుండా రాయండి. అవి కవర్ అవుతాయని ఏజెంట్ ఫోన్లో చెప్తే సరిపోదు, ఈమెయిల్‌లో రాయించుకోండి.

మ్యాప్: బెంగళూరులో ఇదే అసలు పరీక్ష

ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్ చూసుకోవడం రూల్స్ ప్రకారం తప్పనిసరి. ఆకుపచ్చ జోన్‌లో 120 మీటర్లు, అంటే 400 అడుగుల ఎత్తు దాకా ఎవరి అనుమతీ అక్కర్లేదు. పసుపు జోన్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఎరుపులో కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి. హాబీ వాళ్లకు ఆ రెండు రంగులూ కుదరవనే అనుకోండి.

విమానాశ్రయాల చుట్టూ లెక్క వేరు. ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు అంతా మనకు దూరం. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆకుపచ్చే, కానీ 60 మీటర్లు, అంటే 200 అడుగుల దాకానే. అంతకు పైన పసుపు. కొలత మొదలయ్యేది టెర్మినల్ నుంచి కాదు, ప్రహరీ గోడ నుంచి. దేవనహళ్లిలోని కెంపేగౌడ విమానాశ్రయం దాదాపు 4,000 ఎకరాలు. గూగుల్ మ్యాప్‌లో టెర్మినల్ మీద వేలు పెట్టి కొలిస్తే లెక్క ఎక్కడో తేలుతుంది.

ఇప్పుడు ఈ వలయాలు బెంగళూరు మీద గీసి చూడండి. ఉత్తరాన దేవనహళ్లి. దానికి దక్షిణంగా యలహంకలో వాయుసేన స్థావరం. ఆ పక్కనే జక్కూరులో ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూల్ ఉన్న ఎయిర్‌ఫీల్డ్. తూర్పున ఊరి మధ్యలోనే హెచ్‌ఏఎల్ విమానాశ్రయం. ఒక ఊరికి ఇన్ని రన్‌వేలు. మనవాళ్లు ఎక్కువగా ఉండే మారతహళ్లి హెచ్‌ఏఎల్ రన్‌వే చివరే ఉంది. బెళ్లందూరు, ఇందిరానగర్ కూడా దానికి దగ్గరే. అక్కడి అపార్ట్‌మెంట్ టెర్రస్ ఎంత విశాలంగా ఉన్నా మీ 5 అంగుళాల క్వాడ్‌కి అది చోటు కాదు. దక్షిణంగా హోసూరు వైపు వెళ్తే హాయి అనుకునేవాళ్లు బెళగొండపల్లిలోనూ ఒక ఎయిర్‌ఫీల్డ్ ఉందని గుర్తుంచుకోవాలి. వీటికి తోడు రక్షణ, అంతరిక్ష సంస్థల ఆవరణలు మ్యాప్‌లో మచ్చల్లా కనిపిస్తాయి.

మిగిలేది ఊరి బయటి తూర్పు, ఈశాన్య దిక్కులు. చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు, ఇంకా పైకి బాగేపల్లి. అక్కడ సగం మంది మన భాషే మాట్లాడతారు కాబట్టి పొలం యజమానితో మాట కలపడం తేలిక. ఆకుపచ్చ జోన్ అంటే ఆకాశానికి దొరికిన అనుమతి మాత్రమే, కింద నేల ఎవరిదో వాళ్లని అడగాలి. అడగకుండా దిగితే అక్రమ ప్రవేశం కింద భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 329 సెక్షన్ ఉండనే ఉంది.

బన్నేరుఘట్ట లాంటి అడవుల దగ్గర అటవీశాఖ అనుమతి లేకుండా డ్రోన్ బయటికి తీయొద్దు. లేపాక్షి లాంటి పురావస్తు శాఖ కట్టడాల దగ్గర కూడా అంతే. మ్యాప్ ఆకుపచ్చగా ఉన్నా ఆ శాఖల నియమాలు వేరుగా ఉంటాయి.

ఇంకో మెలిక ఉంది. రాష్ట్ర ప్రభుత్వం గానీ పోలీసులు గానీ ఒక ప్రాంతాన్ని తాత్కాలికంగా రెడ్ జోన్ చేయొచ్చు. యలహంకలో ఏరో ఇండియా జరిగే రోజుల్లో, ప్రధాని పర్యటనలప్పుడు ఆంక్షలు మామూలే. పోయిన వారం ఆకుపచ్చగా ఉన్న చోటు ఈ వారం అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. బయల్దేరేముందు ఒకసారి, పొలంలో దిగాక ఒకసారి మ్యాప్ తెరిచి, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి.

గాగుల్స్ పెట్టుకుంటే కంటిచూపు మాటేమిటి?

చింతామణి దగ్గర ఒక చేనుగట్టు మీద బ్యాటరీలు పరిచి కూర్చున్నప్పుడు ఆ చేను పెద్దాయన వచ్చి అడిగాడు.

"ఏమప్పా, సర్వేకి వచ్చినారా?"

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. రోడ్లకీ, పరిశ్రమలకీ భూములు పోయిన ఊళ్లు చుట్టుపక్కల చాలా ఉన్నాయి. గాల్లో ఏదైనా ఎగిరితే ముందు గుర్తొచ్చేది భూసేకరణే.

"సర్వే కాదు తాతా, ఆట. పిల్లలు ఎగరేసే విమానం లాంటిది."

ఆయన గాగుల్స్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది కళ్లకు కట్టుకుంటే ఎదురుగుండేది కనపడదు గదా. పైన గద్దొస్తే నీకెట్ల తెలుస్తుంది?"

చట్టం అడిగేదీ అదే. మోడల్ డ్రోన్ నిర్వచనంలో కంటిచూపు పరిధి అన్నది షరతు. అంటే నడిపేవాడు డ్రోన్‌ని నేరుగా కంటితో చూస్తూ ఉండాలి. తెరలో కనిపించే వీడియో అందులోకి రాదు. అమెరికా, యూరప్ నియమాల్లో పక్కన నిలబడి డ్రోన్‌ని చూసే పరిశీలకుడు ఉంటే పైలట్ గాగుల్స్ పెట్టుకోవచ్చని రాసి ఉంది. మన రూల్స్‌లో అలాంటి వాక్యం లేదు. గాగుల్స్‌ని నిషేధించిన వాక్యమూ లేదు.

ఈ ఖాళీలో నేను పాటించే పద్ధతి, మీకూ చెప్పేది ఇది. గాగుల్స్ తీస్తే క్వాడ్ వెంటనే కంటికి దొరికేంత దూరంలోనే ఎగరేయాలి. 5 అంగుళాల క్వాడ్ ఓ 300 మీటర్లు దాటితే కాకిని చూస్తున్నామో క్వాడ్‌ని చూస్తున్నామో తెలియదు, కాబట్టి హద్దు అంతకు బాగా లోపలే. పక్కన స్పాటర్, అంటే క్వాడ్‌నీ ఆకాశాన్నీ కంటితో చూసే మనిషి, లేకుండా ఆర్మ్ చేయొద్దు, అంటే మోటార్లు ఆన్ చేయొద్దు. చెట్ల వెనక్కి, గుట్ట అవతలికి పోవద్దు. కొండ మీద నుంచి లోయలోకి 2 కిలోమీటర్లు దూకే లాంగ్ రేంజ్ వీడియోలు చూడటానికి ఎంత బాగున్నా, ఇక్కడ అది మోడల్ డ్రోన్ నిర్వచనం దాటడమే. ఒక్కసారి దాటాక టైప్ సర్టిఫికెట్ మినహాయింపు కూడా చేతిలోంచి జారిపోతుంది. స్పాటర్ ఉన్నంత మాత్రాన చట్టం ముందు పూర్తి రక్షణ ఉందని నేను అనను. కానీ ప్రమాదం జరిగిన రోజున పక్కన ఒక మనిషి ఉండటానికీ, లేకపోవడానికీ చాలా తేడా ఉంటుంది.

స్పాటర్ అంటే ఫోన్లో వీడియో తీసే స్నేహితుడు కాదు. అతని కళ్లు ఆకాశం మీదే ఉండాలి. బయల్దేరేముందే మాటలు కుదుర్చుకోండి: "గద్ద" అంటే దిశ చెప్పి హెచ్చరించడం, "మనుషులు" అంటే ఆ వైపు రావద్దని, "దించు" అంటే ఎందుకని అడక్కుండా దించేయడం. హెలికాప్టర్ చప్పుడు వింటే వెంటనే "దించు". మనుషులున్న విమానానికి దారి ఇవ్వాల్సింది మనమే. శిక్షణ విమానాలు, హెలికాప్టర్లు మనం అనుకున్న దానికన్నా కిందనే పోతుంటాయి.

రేడియో: ఎవరూ చదవని అధ్యాయం

డ్రోన్ రూల్స్ అన్నీ పాటించినా రేడియో తప్పు ఛానెల్‌లో ఉంటే వేరే చట్టం వస్తుంది. అది టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం చూసుకునేది. లైసెన్స్ లేకుండా వాడుకునే బ్యాండ్లు కొన్నే ఉన్నాయి, వాటిలోనూ పవర్‌కి పరిమితులున్నాయి. వాడే పరికరానికి ఈటీఏ అనే ఆమోదం ఉందో లేదో కొనేటప్పుడే అడగండి.

కంట్రోల్ లింక్‌కి (రిమోట్‌కీ క్వాడ్‌కీ మధ్య సిగ్నల్‌కి) 2.4 గిగాహెర్ట్జ్ ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ అనే సిస్టమ్ అయితే పెద్దగా టెన్షన్ లేదు. సబ్ గిగాహెర్ట్జ్ (1 గిగాహెర్ట్జ్ కన్నా తక్కువ) మాడ్యూల్ అయితే జాగ్రత్త. సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు (ఫ్లాష్) రెగ్యులేటరీ డొమైన్, అంటే ఏ ప్రాంతపు బ్యాండ్ అని, అడుగుతుంది, అక్కడ మనకు ఐఎన్866 అని విడిగా ఉంది, అదే ఎంచుకోండి. ఎఫ్‌సీసీ915 పెట్టారంటే సిగ్నల్ 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ మధ్య తిరుగుతుంది. మన దేశంలో అందులో 915 దాకా మొబైల్ ఫోన్లు టవర్‌కి మాట్లాడే బ్యాండ్. ఈయూ868 కూడా మన 865–868 హద్దు దాటుతుంది. "900 మాడ్యూల్, మామా, రేంజ్ చూడు" అని స్నేహితుడు ఇచ్చింది పెట్టుకునే ముందు లోపల ఏ డొమైన్ ఉందో చూసుకోండి.

వీడియోకి 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర మనం వాడే రేస్ బ్యాండ్ అనే ఛానెళ్ల వరస చూద్దాం. 2018 అక్టోబర్ నోటిఫికేషన్ ప్రకారం ఈ చుట్టుపక్కల లైసెన్స్ లేకుండా దొరికేది 5470 నుంచి 5875 మెగాహెర్ట్జ్ దాకా. రేస్ బ్యాండ్‌లో ఆర్1 5658, ఆర్2 5695, ఆర్3 5732, ఆర్4 5769, ఆర్5 5806, ఆర్6 5843. ఈ ఆరూ లోపలే. ఆర్7 5880, ఆర్8 5917. ఈ రెండూ బయట. మరిచిపోయి వాటికి మారకుండా ఉండాలంటే బీటాఫ్లైట్ వీటీఎక్స్ (వీడియో ట్రాన్స్‌మిటర్) టేబుల్‌లో ఆ రెండు గడుల్లో సున్నా పెట్టేయండి, ఇక ఆ ఛానెళ్లు ఎంచుకోవడానికే కుదరదు. లో బ్యాండ్‌లో మొదటి మూడు ఛానెళ్లు, 'E' అనే బ్యాండ్‌లో చివరి నాలుగు కూడా ఇలాగే తీసేయాలి. 1.2, 1.3 గిగాహెర్ట్జ్ వీడియో మన దగ్గర వద్దు.

పవర్ విషయంలో పొలంలో ఇద్దరు ముగ్గురు ఎగరేసేటప్పుడు 25 మిల్లీవాట్లు చాలు. కంటిచూపు దూరంలోనే ఉంటామని ఇందాక అనుకున్నాం కదా, మరి 800 మిల్లీవాట్లు ఎందుకు? పవర్ పెంచితే పక్కవాడి గాగుల్స్‌లో మంచు కురవడం, అంటే వీడియో చెదరడం, తప్ప వేరే లాభం లేదు.

రూల్స్‌ని క్వాడ్‌లోకి ఎక్కించండి

ఎత్తు హద్దు గుర్తుపెట్టుకోవడం కన్నా ఓఎస్‌డీకి (గాగుల్స్ తెర మీద అంకెలు చూపించేదానికి) అప్పగించడం నయం. బీటాఫ్లైట్‌లో ఆల్టిట్యూడ్ అలారం మామూలుగా 100 మీటర్ల దగ్గర ఉంటుంది. పూర్తి ఆకుపచ్చ జోన్‌లో అది అలాగే ఉండనివ్వండి. విమానాశ్రయం నుంచి 8–12 కిలోమీటర్ల వలయంలో ఉంటే 50కి దించండి. ఇది పనిచేయాలంటే బోర్డు మీద బారోమీటర్ గానీ జీపీఎస్ గానీ ఉండాలి. ఓఎస్‌డీ చూపించేది మీరు ఆర్మ్ చేసిన చోటు నుంచి ఎత్తు. రూల్ చూసేది క్వాడ్ కింద ఉన్న నేల నుంచి ఎత్తు. గుట్ట మీద ఆర్మ్ చేసి పక్క లోయ మీదికి పోతే తెరలో 80 కనిపిస్తూనే కిందికి 150 ఉండొచ్చు.

ఫెయిల్‌సేఫ్‌ని, అంటే సిగ్నల్ పోతే క్వాడ్ ఏం చేయాలన్న ఏర్పాటుని, బల్ల మీదే పరీక్షించండి. ప్రొపెల్లర్లు విప్పేసి, ఆర్మ్ చేసి, థ్రాటిల్ కొంచెం పెంచి, రేడియో ఆఫ్ చేయండి. మోటార్లు ఆగాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ఆ క్వాడ్ ఇల్లు దాటకూడదు. చిన్న పొలంలో, చుట్టూ రోడ్లున్నప్పుడు బయల్దేరిన చోటికి దానంతటదే తిరిగొచ్చే జీపీఎస్ రెస్క్యూ కన్నా ఉన్న చోటే పడిపోయే డ్రాప్ మేలు అని నా అభిప్రాయం. ఎటో ఎగిరిపోయి జాతీయ రహదారి మీద పడటం కన్నా టమాటా తోటలో పడటం నయం. పెద్ద మైదానంలో, ఉపగ్రహాలు బాగా అందాకే ఆర్మ్ అయ్యేలా పెట్టుకుంటే రెస్క్యూ పనికొస్తుంది.

పొలంలో, ఎవరైనా ఆపితే

మనుషులు, ఇళ్లు, బడి, గుడి తిరునాళ్లు ఉన్న వైపు వెళ్లొద్దు. ఒకరి ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్లక్ష్యానికి బీఎన్ఎస్ 125, మహిళల ఏకాంతాన్ని చాటుగా చిత్రీకరిస్తే 77 వర్తిస్తాయి. ఇవి డ్రోన్ రూల్స్‌తో సంబంధం లేకుండా పడే కేసులు. డ్రోన్ రూల్స్ ఉల్లంఘనకు జరిమానా 1 లక్ష రూపాయల దాకా ఉంది.

ఆకుపచ్చ జోన్‌లో పోలీసులకు ముందే చెప్పాలని డ్రోన్ రూల్స్ అడగవు. అయినా ఎప్పుడూ అదే చోటికి వెళ్తుంటే దగ్గరి స్టేషన్‌లో ఒకసారి కనిపించి రావడం మంచిది. బీట్ కానిస్టేబుల్ వచ్చి అడిగితే ముందు క్వాడ్ దించండి, గాగుల్స్ తీయండి, తర్వాత మాట్లాడండి. కళ్లజోడులో మునిగిపోయి "ఒక్క నిమిషం సార్" అంటే అక్కడే పేచీ మొదలవుతుంది. యూఐఎన్, ఇన్సూరెన్స్, కాటా ఫోటో, మ్యాప్ స్క్రీన్‌షాట్ ఫోన్లో ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. ప్రింట్లు కూడా బ్యాగులో ఉంటే ఇంకా మంచిది, ఊరి బయట సిగ్నల్ ఉండకపోవచ్చు. గాగుల్స్ అవతలి మనిషికి ఇచ్చి ఒకసారి చూడనివ్వండి. పొలంలో పెద్దాయన సందేహం తీరిందీ అలాగే.

ఎగరేసిన తర్వాత కూడా కొంత పని ఉంది

ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా పోర్టల్‌లో రిపోర్ట్ చేయాలి. రికార్డయిన వీడియో (డీవీఆర్), క్వాడ్‌లోని బ్లాక్‌బాక్స్ లాగ్ (ఫ్లైట్ రికార్డు) చెరిపేయకండి. ఇన్సూరెన్స్ వాళ్లు అడిగేవి అవే.

క్వాడ్ చెరువులో మునిగిపోయినా, దొరక్కుండా పోయినా దాని యూఐఎన్ రద్దు చేయించండి. ఫారం డీ-3, ఫీజు 100 రూపాయలే. అమ్మేటప్పుడూ అదే ఫారంతో పేరు మార్పించాలి. "ముందు డబ్బు వేస్తా, కాగితం తర్వాత చూద్దాం బ్రో" అనేవాళ్లు గ్రూపుల్లో ఉంటారు. వద్దు. బదిలీ పూర్తయ్యాకే క్వాడ్ చేతికివ్వండి. యూఐఎన్ మీ పేరు మీదే ఉండగా అది ఎవరి పెళ్లి పందిరి మీద పడ్డా పోలీసుల మొదటి ఫోన్ మీకే వస్తుంది.